రేడియోలో విన్న మేళము, వీధిలో విన్న మేళము

ప్రాతఃకాలమున రేడియో తెరచినంతనే మంగళవాద్యము వినవచ్చు ఇండ్లలో మా ఇల్లును ఒకటి. వంటింట కాఫీ కాగుచుండగా భూపాలమో, బౌళియో చెవిని పడుచుండుట మాకు చిన్ననాటినుండియు అలవాటు. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. అది మొదలు ఎన్ని నాదస్వర మేళములు ఆ కేంద్రమునుండి మన ఇండ్లకు వచ్చినవో లెక్కించుట కష్టము. వానిలో ఒక మేళమునకు మేము ప్రత్యేకముగా అభిమానులమైతిమి. ఆ ప్రధాన విద్వాంసుడు షడ్జముపై నిలుచు తీరు మాకెంత పరిచితమనగా, పేరు ప్రకటింపకముందే “ఇది వారిదే” అని ఇంటిల్లిపాదియు గుర్తుపట్టుచుంటిమి. అయినను ఆ మేళమును కంటితో చూచి యెరుగము.

గత సంవత్సరము గుంటూరు ప్రాంతమునందలి యొక గ్రామములో స్వామి కల్యాణోత్సవములకు ఆ మేళము వచ్చుచున్నదని తెలిసి, బస్సెక్కి వెళ్ళితిమి. ఆ రాత్రి గ్రామోత్సవము నాలుగు వీధులు తిరిగి ఆలయమునకు చేరువరకు వెంటనుంటిమి. పెట్టెలోనుండి వినవచ్చు మేళమునకును, ఎదుట నిలిచి విన్న మేళమునకును ఇంత భేదముండునని మేమూహింపలేదు. ఆ భేదమేమి, అది యెందువలన కలుగుచున్నది అను విషయమును శ్రోతలకు విన్నవింప దలచితిమి.

మొదట మేళమనగా నేమో చెప్పవలెను. రేడియోలో వినునపుడు మన మనస్సున ఒక నాదస్వరము, ఒక డోలు మాత్రమే నిలుచును. వీధిలో చూడగా అక్కడ ఆరేడుగురు మనుష్యులుందురు. ప్రధాన విద్వాంసుని ప్రక్కన సహకార నాదస్వరము వాయించువాడు ఒకడు. డోళ్ళు రెండు. తాళము వేయువాడు ఒకడు. శ్రుతి పట్టువాడు మరియొకడు. పూర్వము ఈ శ్రుతి కొరకు వ్రేళ్ళతో మూయు రంధ్రములు లేని ‘ఒత్తు’ అను వాద్యమును ఊదుచుండిరి. తరువాత శ్రుతిపెట్టె వచ్చినది. ఈ శ్రుతి మనుష్యుడు రాత్రియంతయు నిలిచి చేయునది ఒక్కటే పని. రేడియోలో అతని ఉనికియే మనకు తోచదు. కాని వీధి మలుపు తిరుగునపుడు అతడు నాలుగడుగులు వెనుకబడినచో ప్రధాన విద్వాంసుడు తలత్రిప్పి చూచుట మేము రెండుసార్లు గమనించితిమి.

నాదస్వరము సుమారు రెండున్నర అడుగుల పొడవుగల కర్రగొట్టము. ‘ఆచ్చా’ అని తమిళులు పిలుచు గట్టి కర్రతో దీనిని తొలుతురు. పాత ఇండ్లలో దూలములుగా నుండి బాగుగా ఎండిన కర్ర మేలని పనివారి మాట. తంజావూరు ప్రాంతమునందలి నరసింగంపేట ఈ పనికి ప్రసిద్ధము. ఆ ఊరి నాదస్వరమునకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. గొట్టముపై వ్రేళ్ళకు ఏడు రంధ్రములు, క్రిందిభాగమున మరి అయిదు రంధ్రములు ఉండును. ఆ అయిదును వ్రేళ్ళతో వాయించుటకు కావు; మైనముతో వానిని మూసియో తెరచియో శ్రుతిని సరిచేసికొందురు. పూర్వము పొట్టిదియు హెచ్చు శ్రుతి గలదియునగు ‘తిమిరి’ వాడుకలో నుండెను. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళైగారు (1898–1956) పొడవైనదియు తగ్గు శ్రుతి గలదియునగు నాదస్వరమును నరసింగంపేటకు చెందిన రంగనాథ ఆచారిచేత చేయించి ప్రచారమునకు తెచ్చిరి. నేడు మనము వినునట్టి గంభీరమైన నాదము ఆ మార్పు ఫలమే.

మేము గ్రామమును చేరునప్పటికి రాత్రి తొమ్మిది కావచ్చినది. ఉత్సవము ఇంకను బయలుదేరలేదు. ఆలయమండపము ప్రక్కన అరుగుపై మేళమువారు కూర్చుండియుండిరి. రేడియో శ్రోత ఎన్నడును వినని సంగీతము ఇచట మాకు మొదట వినవచ్చినది. అది పీకలను సరిచూచుకొను ధ్వని. నాదస్వరమునకు ప్రాణము రెల్లుతో చేసిన ఆ చిన్న పీకయే. ప్రధాన విద్వాంసుడు ఒక్కొక్క పీకను నోటిలో తడిపి, ఊది చూచి, పెదవి విరిచి, ప్రక్కన పెట్టుచుండెను. అయిదవదానికో ఆరవదానికో ముఖమున సంతృప్తి కనబడెను. మిగిలినవి వాద్యమునకు కట్టిన దారమున వ్రేలాడుచుండెను. స్టూడియోలో ఎర్రదీపము వెలుగుటకు పూర్వమే ఈ తంతు ముగియును. అందుచేత విద్వాంసుని నాదము ఎల్లప్పుడును సిద్ధముగా నుండునదియే యని ఇంటనున్న మనము భ్రమపడుదుము. నిజమునకు ప్రతి రాత్రియు అతడు దానిని క్రొత్తగా వెదకికొనవలసియున్నది.

పల్లకి లేచెను. మేళము మల్లారితో ఆరంభించెను. మల్లారి యనగా గంభీరనాట రాగములో, సాహిత్యము లేక, స్వామి బయలుదేరునపుడు వాయించు రచన. మేము పది అడుగుల దూరమున నిలిచియుంటిమి. రెండు డోళ్ళపై మొదటి దెబ్బ పడినపుడు మాకు చెవికంటె ముందు రొమ్ముకు తెలిసెను. ఆ క్షణమున మాకు కలిగినది ఆనందము కాదు, భయము. ఇంతకాలము ప్రేమతో విన్న మేళము ఇంత బిగ్గరగా నుండునని మాకెవరును చెప్పలేదు. రెండు నిమిషములు ఓర్చి, పిమ్మట వెనుకకు జరిగితిమి. ఇరువది ముప్పది గజములు వెనుకకు పోయినపుడు నాదస్వరము మాకు తెలిసిన నాదస్వరమాయెను.

దీనికి కారణము సులభముగా చెప్పవచ్చును. ఈ వాద్యములు గదికొరకు పుట్టినవి కావు, బయలుకొరకు పుట్టినవి. స్వామి వచ్చుచున్నాడని నాలుగు వీధులకును తెలుపుట వాని పని. ఆరుబయట ధ్వని అన్ని దిక్కులకు వ్యాపించును గనుక దూరము రెట్టింపయినచో ధ్వని పీడనము సగమగును. పది అడుగులకడ ఉన్నదానికంటె నలుబది అడుగులకడ అది నాలుగవవంతు మాత్రమే. ఇరుప్రక్కల ఇండ్లగోడలున్న వీధిలో కొంత ధ్వని గోడలనుండి తిరిగివచ్చుటచేత ఇంత త్వరగా తగ్గదు. ఈ తిరిగివచ్చిన ధ్వనియే నాదమునకు ఒక విధమైన నిండుదనమునిచ్చును. ఇరుకైన వీధిలో విన్న కాంభోజియు, చెరువుగట్టుకడ గోడలు లేనిచోట విన్న కాంభోజియు ఒక్కటి కావని ఆ రాత్రి స్పష్టముగా తెలిసికొంటిమి. రాగము మారలేదు, విద్వాంసుడు మారలేదు, ఊరు మారినట్లుండెను.

మరియొక వింత. ఒకసారి దాహమునకై వెనుకబడి, వీధి చివర అంగడికడ నిలిచి మేళమువైపు చూచితిమి. దీపముల వెలుగున డోలు విద్వాంసుని ఎడమచేతి పుల్ల పడుచుండుట కనబడుచుండెను. ధ్వని మాత్రము పుల్ల పైకి లేచిన పిమ్మట వచ్చుచుండెను. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నూరుగజములకు పైబడిన దూరమున మూడవవంతు సెకను ఆలస్యము తప్పదు. వెలుతురు అట్లుకాక చూచినంతనే కంటిని చేరును. కంటికొక తాళము, చెవికొక తాళము! ఆ ప్రక్కన నిలిచిన యొక బాలుడు దీనిని గమనించి తన తండ్రితో చెప్పగా, తండ్రియు చాలసేపు చూచి నవ్వెను. రేడియోలో ఇట్టి దూరము లేదు. మనకు బదులుగా మైకు ఒకచోట నిలుచును. అది ఎచట నిలిచినదో అచటనే వేలకొలది శ్రోతలమును నిలుతుము. వీధిలోనైతే ఎవరి చోటు వారిది.

ఇక కంటితో చూచినగాని తెలియని విషయములు. నాదస్వరమునందు వ్రేళ్ళు రంధ్రములను మూయుటయు తెరచుటయు సగము పని మాత్రమే. ఒకే రంధ్రమునుండి శ్వాసబలమును హెచ్చించుటచేతను తగ్గించుటచేతను స్వరమును పైకి క్రిందికి జరుపుదురు. మనము గమకమని విని తలయూపునది ఇట్లు పెదవికిని ఊపిరికిని మధ్య పుట్టుచున్నది. తారస్థాయి షడ్జముపై ఆ విద్వాంసుడు నిలిచినపుడు ఆయన కంఠమున నరములుబ్బి కనబడెను. ఆయన వయస్సు అరువదికి తక్కువ కాదు. ఇంటిలో ఆ స్వరమును ఎన్నిమారులు విన్నను, దాని వెనుక ఇంత శ్రమ ఉన్నదని మేమెరుగము. ఊపిరి చాలనిచోట సహకార విద్వాంసుడు ఆ స్వరమునందుకొని నిలుపుచుండెను. అతుకు వినబడదు, కాని కనబడును. పదియారు పదియేడేండ్ల ఆ కుర్రవాడు గురువు భుజముల కదలికను చూచి ఎప్పుడందుకొనవలెనో తెలిసికొనుచుండెను.

డోలు సంగతియు అట్టిదే. పనసమొద్దును తొలిచి రెండువైపుల చర్మము బిగించిన ఆ వాద్యమునకు కుడివైపున వ్రేళ్ళకు గట్టి తొడుగులు తొడిగికొని వాయింతురు. ఎడమవైపున పుల్లతో కొట్టుదురు. వింటిమి గాని, ఇద్దరు డోలు విద్వాంసులలో ఎవరు ఎప్పుడు వాయించుచున్నారో రేడియోలో మాకెన్నడును తెలియలేదు. ఇచట ఒకరు ఒక జతి వేసి కన్నెగురవేయగా, రెండవవారు దానిని మించి వేసి నవ్వుట చూచితిమి. ప్రశ్నోత్తరములు నడిచినంతసేపు ప్రధాన విద్వాంసుడు నాదస్వరమును చంకనిడుకొని తాళము వేయుచు విను శ్రోతయైపోయెను.

అట్లని రేడియో మనకు తక్కువ ఇచ్చినదనుట కృతఘ్నత యగును. రేడియోకు కొన్ని హద్దులున్నవి. మీడియం వేవ్ ప్రసారములో ఒక్కొక్క కేంద్రమునకు లభించు వెడల్పు స్వల్పము. పొరుగు కేంద్రముతో కలియకుండుటకై సెకనుకు సుమారు 4,500 కంపనములకు పైబడిన ధ్వనులను చాలవరకు విడువవలెను. నాదస్వరమునకు మెరుపునిచ్చు ఉపస్వరములు అనేకము ఆ పైననే యున్నవి. ఎఫ్.ఎం. ప్రసారములో ఈ హద్దు 15,000 వరకు పోవును గనుక అందులో వాద్యము మరింత సహజముగా వినవచ్చును. మిక్కిలి బిగ్గరైన ధ్వనికిని మిక్కిలి మెల్లనైన ధ్వనికిని గల అంతరమును కూడ కుదింపవలసియుండును. లేనిచో డోలు దెబ్బకు ప్రసారయంత్రము తట్టుకొనజాలదు. మెల్లనైన పలుకు ఇంటి సందడిలో మునిగిపోవును. స్టూడియోలో ఇంజనీరు చేయి నిరంతరము ఈ పనిలో నుండును.

కాని ఆ కుదింపువలననే వీధిలో దొరకని సంపదయు మనకు దొరకినది. ఆలాపన ముగింపున విద్వాంసుడు మంద్రముపై మెల్లగా విడుచు నాదము వీధిలో పల్లకి మోయువారి కేకలలో కలిసిపోయెను. ఇంటిలో దానిని మేము ఎన్నిసార్లో విన్నాము. మైకు చేయగల మేలునకు మంచి ఉదాహరణము సినిమా సంగీతమున నున్నది. 1962లో వచ్చిన ‘మురిపించే మువ్వలు’ చిత్రమున ఎస్. జానకిగారి గాత్రమును, కారుకురిచ్చి అరుణాచలంగారి (1921–1964) నాదస్వరమును జంటగా సాగిన పాట శ్రోతలందరికిని సుపరిచితము. ప్రకృతిలో ఒక స్త్రీ కంఠము నాదస్వరము ప్రక్కన నిలిచి, దానితో సమానముగా వినబడుట సాధ్యము కాదు. ఆ సమత్వము మైకు ఇచ్చిన వరము.

అభిమాని యనువాడు కేవలము వినువాడు కాడు. ఒక్కొక్కప్పుడు ఆ అభిమానమే సంప్రదాయమును నిలుపును. షేక్ చినమౌలానాగారు 1924లో ఒంగోలు సమీపమునందలి కరవది గ్రామమున నాదస్వర విద్వాంసుల కుటుంబమున జన్మించిరి. చిలకలూరిపేట ఆదం సాహెబుగారికడ నేర్చిరి. అయినను ఆయన మనస్సు రాజరత్నం పిళ్ళైగారి వాదనముపై లగ్నమైనది. ఆయనను మానసిక గురువుగా తలచి, ఆ తంజావూరు బాణీని పట్టుకొనుటకై నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులకడ మరల శిష్యులైరి. పిమ్మట శ్రీరంగమున స్థిరపడిరి. 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారికి సంగీత కళానిధి బిరుదమునిచ్చినది. 1999లో వారు కీర్తిశేషులైరి. వారి శిష్యులగు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. ఒక తెలుగు యువకుని అభిమానము ఎంత దూరము పోగలదో దీనివలన తెలియును.

మరల ఆ రాత్రికి వత్తము. మొదటి వీధిలో మేళము చుట్టు రెండువందలమందికి తక్కువ లేరు. రెండవ వీధిలో బాణసంచా కాల్చుచుండగా సగముమంది అటు పోయిరి. మూడవ వీధిలో పిల్లలు నిద్రకు జోగుచుండ తల్లులు ఇండ్లకు మరలిరి. కొందరు యువకులు సెల్‌ఫోనులెత్తి ఒక నిమిషము చిత్రించుకొని వెళ్ళిపోయిరి. విద్వాంసుడు ఖరహరప్రియ అందుకొనునప్పటికి మేళమువెంట నున్నవారము ఇరువదిమందికి మించము. మాకును కాళ్ళు పీకుచుండెను. చివరి బస్సు వేళయు సమీపించుచుండెను. మేము గడియారము చూచుకొనుట గమనించి ప్రక్కనున్న వృద్ధుడొకరు, “ఏం బాబూ, వెళ్ళిపోతున్నారా? అసలు వాయింపు ఇప్పుడేగా మొదలయింది!” అనిరి. సిగ్గుపడి నిలిచితిమి. బస్సు పోయినది.

ఆ వృద్ధుని మాట నిజమైనది. జనము తగ్గినకొలది మేళము నడక నెమ్మదించెను. అంతవరకు ఊరేగింపుకొరకు వాయించినవారు అప్పుడు రాగముకొరకు వాయించిరి. ఖరహరప్రియ ముప్పావుగంట సాగెను. రేడియోలో అరగంట కార్యక్రమమున రాగమునకు దొరకునది ఏడెనిమిది నిమిషములు. ఏడు నిమిషములలో రాగస్వరూపమును చూపవచ్చును. ముప్పావుగంటలో విద్వాంసుడు దానిని వెదకుట, ఒకచోట దారితప్పుట, మరల వెనుకకు వచ్చుట, అనుకొనని సంచారము దొరకినపుడు తానే ఆశ్చర్యపడుట—ఇవన్నియు వింటిమి. నడుమ ఒకసారి పీక చెడి స్వరము చీలెను. ఆయన చిరాకుపడక, కుర్రవానికి సైగచేసి, వేరొక పీక తగిలించుకొనువరకు అతనిచేతనే ఆలాపన నడిపించెను. ఆ కుర్రవాడు నాలుగు నిమిషములు ఒంటరిగా వాయించెను. వృద్ధుడు “భేష్!” అనగా వాని ముఖము విప్పారెను. రేడియోలోనైతే ఆ నాలుగు నిమిషములు మనకు దక్కియుండవు.

నీలాంబరితో ఊయలసేవ ముగిసిన పిమ్మట విద్వాంసుని సమీపించి, మేము రేడియోద్వారా వారి అభిమానులమని విన్నవించితిమి. ఆయన సంతోషించి, “స్టూడియోలో ఎర్రదీపం వెలిగితే మొదలుపెడతాం, ఆరితే ఆపుతాం అండీ. ఎవరు విన్నారో మాకు తెలియదు. ఇక్కడైతే ఒక్క తల ఊగినా కనబడుతుంది. మీరు మూడో వీధిలో ఆగిపోవడం చూశానండీ,” అనిరి. ఆ మాట మేము మరువజాలము. మేము వారిని చూచుటకు వచ్చితిమని యనుకొంటిమి. వారు మమ్ము చూచుచుండిరి!

ఇందలి బాధ్యతను గురించి ఒక మాట. మన పెండ్లిండ్లలో మేళము లేనిది శుభము లేదందుము. కాని తాళికట్టు వేళ గట్టిమేళమునకు తప్ప దానిని వినువారెవరు? మిగిలిన సమయమంతయు విద్వాంసుడు ముచ్చట్లమధ్య, లౌడుస్పీకరు పాటలమధ్య వాయించును. ముప్పదేండ్ల సాధన చేసినవాడు పందిటిమూల ఎవరును వినని తోడిని వాయించి, భోజనము చేసి వెళ్ళిపోవుచున్నాడు. కుర్రవాండ్రు దీనిని చూచుచున్నారు. వినువారు లేని విద్యను వారేల అభ్యసింతురు? రేడియోకు మేళములు రావలెనన్నను వీధిలో మేళములుండవలెను గదా!

కావున శ్రోతలకు మా మనవి యిది. మీ సమీపమున ఉత్సవమునకు మేళము వచ్చినపుడు ఇంటివారినందరిని వెంటబెట్టుకొని వెళ్ళుడు. మరీ చేరువగా నిలువక ముప్పది నలుబది గజముల యెడమున, వీలైనచో గోడలున్న వీధిలో నిలుడు. పసిపిల్లలను డోళ్ళకు దూరముగా నుంచుడు. మొదటి వీధితో మరలక మూడవ వీధివరకు ఓపికపట్టుడు. మీ ఇంట పెండ్లి జరిగినచో విందుకు పూర్వము అరగంట సేపు లౌడుస్పీకరు నాపించి, మేళమును పందిటి నడుమ కూర్చుండబెట్టి, బంధువులను వినుమని కోరుడు. దీనికి వేరే ఖర్చు లేదు.

మరునాడు ఉదయము మొదటి బస్సునకు ఇల్లు చేరితిమి. వారము తిరుగకముందే అదే మేళము రేడియోలో వినవచ్చెను. తారషడ్జముపై విద్వాంసుడు నిలిచినపుడు మా పిన్నవాడు, “ఇప్పుడు చిన్నాయన అందుకుంటాడు చూడండి,” అనెను. మేమందరము చెవియొగ్గితిమి. ఇంతకాలము వినబడని ఆ అతుకు ఆనాడు మాకు వినబడెను.